ప్రతిధ్వనుల గుణకారము

విశాలమైన మండపములో ఒక్కమారు చప్పట్లు చరచినచో ఆ ధ్వని వెంటనే సమసిపోదు. గోడలను, కప్పును తాకి పలుమార్లు మరలి వచ్చును. అచట పాడు గాయకుని ప్రతి స్వరమును ఇట్టి ప్రతిధ్వనుల పరంపరయే వెన్నంటును. అవన్నియు కలసి మన చెవిని చేరును. ఈ కలయికకే గణితమున కన్వల్యూషన్ అని పేరు. కంప్యూటరు దీనిని శీఘ్రముగా సాధించు విధమును మేమిచట వివరించెదము.

కంప్యూటరునకు ధ్వని యనగా సంఖ్యల వరుస. సెకనుకు 48,000 సంఖ్యల చొప్పున ఒక సెకను పాటను, అంతే నిడివిగల మండప ప్రతిధ్వనితో నేరుగా కలుపవలెనన్నచో, ఇందలి ప్రతి సంఖ్యను అందలి ప్రతి సంఖ్యతో హెచ్చవేయవలెను. అనగా 230 కోట్ల 40 లక్షల గుణకారములు!

1965లో జేమ్స్ కూలీ, జాన్ ట్యూకీ ప్రకటించిన శీఘ్ర ఫూరియర్ పరివర్తన ఈ భారమును తగ్గించినది. దానిని కన్వల్యూషనునకు వినియోగించు విధమును మరుసటి యేడు థామస్ స్టాక్‌హామ్ చూపెను. పరివర్తన ధ్వనిని పౌనఃపున్యములుగా విడదీయును. అచట ఒక్కొక్క పౌనఃపున్యమును దాని జోడుతో ఒక్కమారు హెచ్చవేసిన చాలును. పిదప విలోమ పరివర్తనచే మరల ధ్వని లభించును. కోట్ల పని లక్షలలోనికి దిగును.

పాట, మైకు, మండపము, లౌడ్‌స్పీకరు అను నాలుగు వరుసలను కలుపవలసి వచ్చినప్పుడేమి చేయవలెను? సైపై లైబ్రరీలోని ఎఫ్ఎఫ్‌టీకన్వాల్వ్ రెండేసి వరుసలనే గైకొనును. అట్లు జతలుగా కలిపినచో తొమ్మిది పరివర్తనలు కావలెను. గుణకారమున క్రమము ఎట్లున్నను ఫలము మారదు గనుక, నాల్గింటిని ఒకేసారి పరివర్తించి, హెచ్చవేసి, తుదకు ఒక్కసారి వెనుకకు మరల్చినచో ఐదే చాలును.

అయితే కొన్ని జాగ్రత్తలు అవసరము. ఫలితపు నిడివి నాలుగు నిడివుల మొత్తమునకు మూడు తక్కువ. ప్రతి వరుసను ముందే సున్నాలతో అంతవరకు పొడిగింపవలెను. లేనిచో తోక తలపైకి చుట్టుకొని, పాట చివరి ప్రతిధ్వని పల్లవితోనే వినవచ్చును! నిడివి 2, 3, 5 వంటి చిన్న సంఖ్యల లబ్ధమైనచో పని మరింత వేగిరము. రెండు వరుసలకు 95,999 కావలసినచోట 96,000 గ్రహించుట మేలు. వరుసలలో ఒకటి మిక్కిలి పొట్టిదైనచో నేరు పద్ధతియే లాభకరము. సున్నా రావలసినచోట అత్యల్ప శేషము మిగులుటయు కలదు. దానిని ధ్వనిగా భ్రమింపరాదు.

ఇట్లు చిన్న గదిలో పాడిన పాటను మహామండపములో పాడినట్లు మన యింట వినగలుగుచున్నాము.