పరీక్షలో గద్యపఠనము – కాలవిభాగము



మన సిద్దిపేట సీమలోని పెద్దలకు నీరటివాని ధర్మము తెలియనిది కాదు. తూము తెఱచిన పిదప అతడు ఎగువ మడి తెప్పలాడువఱకు నిలిచియుండడు. దిగువ మడి వంతును తలచి మడవ మార్చును. పరీక్షలో గద్యభాగమును చదువు విద్యార్థికిని ఇదియే ధర్మము.

తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారు 2023 జూలై 1న గ్రూప్-4 ఉద్యోగములకు పరీక్ష జరిపిరి. అందు రెండవ పత్రమునకు 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిముషములు. గద్యమును చదివి గ్రహించుట, తాఱుమాఱైన వాక్యములను వరుసపఱచుట, తర్కము, లెక్కలు అన్నియు అందే గలవు. ప్రశ్నకు నిముషము చొప్పున కాలము. కఠినమైన ప్రశ్నకును ఒక్కటే మార్కు, సులభమైన దానికిని ఒక్కటే.

నా శిష్యుడొకడు ఆ పరీక్ష వ్రాసి, చిన్నబోయిన మొగముతో మా యింటికి వచ్చెను. ఒక గద్యభాగముకడ పదునైదు నిముషములు చిక్కుకొనుటచే తుది ప్రశ్నలను చూడనైన లేదని చెప్పెను. దోషము నాదే. పదచ్ఛేదము, పదార్థము, విగ్రహము, అన్వయము, ఆక్షేపసమాధానము – ఇవి ముగియనిదే వాక్యమును విడువరాదని వానికి చిన్ననాడు నేర్పినవాడను నేనే. కావ్యపఠనమునకు ఆ పద్ధతి శ్రేష్ఠము. కావ్యము మనకొఱకు వేచియుండును; గడియారము వేచియుండదు.

పిదప వానికి నేను చెప్పిన క్రమ మిది. గద్యము క్రింద 5 ప్రశ్నలున్నచో దాని వంతు 5 నిముషములే. మొదట అరనిముషము ప్రశ్నలను మాత్రము చూడవలెను. ఏమి వెదకవలెనో దానిచే తెలియును. తరువాత 2 నిముషములలో గద్యమును ఆగక ఒకమాఱు చదువవలెను. తెలియని పదముకడ నిలువరాదు. పలుమాఱులు తరువాతి వాక్యమే దాని యర్థమును సూచించును. మిగిలిన రెండున్నర నిముషములు ప్రశ్నకు అరనిముషము చొప్పున పంచుకొని, జవాబున్న వాక్యమును మరల చూచియే గుర్తింపవలెను.

చిక్కిన ప్రశ్నను విడిచి సాగవలెను. జవాబుపత్రమున దాని వరుసనుగూడ ఖాళీగా విడువవలెను. లేనిచో తరువాతి జవాబులన్నియు వరుస తప్పును. విడిచినవానికై తుదిని 10 నిముషములు దాచుకొనవలెను. గ్రూప్-4లో తప్పు జవాబునకు కోత లేదు గావున ఏ ప్రశ్నను ఖాళీగా నుంచుట తగదు. కోత గల పరీక్షలలో గ్రుడ్డియూహ హాని చేయును.

పెద్దలారా, ఈ యభ్యాసమునకు పట్టణవాసము అక్కఱలేదు. సాయంకాలము వార్తాపత్రికలోని సంపాదకీయమును మనుమనిచేతనో మనుమరాలిచేతనో చదివించి 5 ప్రశ్నలడుగుడు. మొదటి వారము గడియారము చూడవలదు. అర్థము కుదిరిన పిదపనే కాలమును లెక్కింపుడు. అర్థము లేని వేగము గట్టు తెగిన నీటివంటిది. అది ఏ మడికిని అందదు.