కాలేజీ కబడ్డీ టీమ్‌కి డిఫెన్స్ ఎట్లా సెట్ చేసుకోవాలి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి డిగ్రీ కాలేజీల తమ్ముళ్లు చాలామంది ఒకటే అడుగుతున్నరు: "అన్నా, కాకతీయ యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ దగ్గరికొచ్చింది, మా దగ్గర గట్టి రైడర్ లేడు, ఏం చేయాలె?"

రైడర్ని వెతికే టైమ్ డిఫెన్స్ మీద పెట్టండి. 2024 మార్చి 1న ప్రో కబడ్డీ పదో సీజన్ ఫైనల్ మన హైదరాబాద్‌లోనే అయింది. పుణేరి పల్టన్ 28-25తో హర్యానా స్టీలర్స్ మీద గెలిచింది. నలభై నిమిషాల ఆటలో అవతలి టీమ్‌కి 25 పాయింట్లే ఇచ్చిండ్రు. అదే సీజన్‌లో మన తెలుగు టైటాన్స్ దగ్గర రెండున్నర కోట్లు దాటి పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ ఉన్నడు. అయినా 22 మ్యాచుల్లో గెలిచింది రెండే. చెప్పాలంటే బాధైతది గానీ, ఒక్క రైడర్‌తో సీజన్ నడవదు.

ఇప్పుడు చిన్న లెక్క. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ని కదా, లెక్క లేకుండా ఉండలేను. రైడర్ని పడితే మనకు ఒక పాయింట్. పట్టబోయి ముగ్గురం తగిలి వాడు గీత దాటితే వాళ్లకు మూడు. అంటే ముగ్గురం మీదపడే అలవాటు ఉన్న టీమ్ నాలుగుసార్లలో మూడుసార్లు పడితే గానీ లెక్క సమానం కాదు. ఒక్కడే తగిలి వదిలేస్తే పోయేది ఒక పాయింటే. అసలు ఎవరూ కదలకుండా, బోనస్ కూడా ఇవ్వకుండా రైడర్ని ఖాళీగా పంపితే నష్టం సున్నా.

ఈ లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. బీటెక్‌లో నేను లెఫ్ట్ కార్నర్. ఒక సెమీఫైనల్‌లో రెండు పాయింట్ల లీడ్, వాళ్లది ఆఖరి కూత. నేను ఊరికే నిలబడినా ఫైనల్‌లో ఉండేటోళ్లం. వాడి కాలు కనబడగానే దూకిన. నన్ను చూసి ఇన్, కవర్ కూడా దూకిండ్రు. కాలు జారింది, మూడు పాయింట్లు పోయినయ్, ఒక్క పాయింట్‌తో ఓడినం. మా కవర్‌కి అదే లాస్ట్ ఇయర్. యూనివర్సిటీ టీమ్ సెలక్షన్ మీద ఆశ పెట్టుకున్నడు. వాడు నన్నొక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుతది.

మరి ఎప్పుడు పట్టాలె? మగపిల్లల కోర్టు 13 మీటర్లు పొడవు, మన సగం ఆరున్నర. మధ్య గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, ఇంకో మీటరు పోతే బోనస్ లైన్. రైడర్ ముందుకు వచ్చేటప్పుడు దూకితే వాడి చూపంతా మీ మీదే ఉంటది. బోనస్ కోసం కాలు చాపినప్పుడో, వెనక్కి తిరిగినప్పుడో బరువంతా ఒక్క కాలు మీదుంటది. కార్నర్ మడమ పట్టాల్సింది అప్పుడే. కార్నర్ చెయ్యి పడ్డాకే కవర్ వచ్చి దారి మూయాలె, ముందు కాదు. మిగతావాళ్లు దూరం. (చెల్లెళ్ల కోర్టు 12 బై 8. కొలతలు మారినా పద్ధతి ఇదే.)

ఇంకో సంగతి లాబీ. టచ్ జరగకముందు లాబీలో కాలు పెట్టిన డిఫెండర్ అవుట్. రైడర్ ఏం చేయకుండానే వాళ్లకు పాయింట్. ఇది కాలేజీ మ్యాచుల్లో మస్తు చూసిన.

ప్రాక్టీస్‌కి ఒక పద్ధతి చెప్త. కూత 30 సెకండ్లు కదా, మొదటి 20 సెకండ్లు ఎవరూ పట్టొద్దని రూల్ పెట్టుకోండి. కదలాలె, చైన్ తెగొద్దు, బోనస్ ఇవ్వొద్దు, అంతే. మొదటి మూడు రోజులు చిరాకు లేస్తది. తర్వాత రైడర్లకు లేస్తది.

కోర్టులో ముగ్గురే మిగిలినప్పుడు మాత్రం ఆగకండి. అప్పుడు పడితే రెండు పాయింట్లు. మూడో కూతకు డూ ఆర్ డై రూల్ మీ టోర్నీలో ఉందో లేదో మీ పీడీ సార్‌ని ఇప్పుడే అడగండి. ఉంటే రెండు కూతలు ఖాళీగా పంపి మూడోదానికి కాచుకోవచ్చు. లేకుంటే ఈ ప్లాన్‌లో ఆ ముక్క తీసేయండి.