చందమామను తరిగేది భూమి నీడ కాదు

చంద్రుడు ఒక పక్షం పెరిగి ఒక పక్షం ఎందుకు తరుగుతాడని అడిగితే, చదువుకున్నవాళ్లలో కూడా చాలామంది భూమి నీడ పడటం వల్లనే అంటారు. ఆ జవాబు తప్పే గానీ, ఊరికే పుట్టింది కాదు. భూమి నీడ చంద్రుడి మీద పడటం మనం నిజంగానే చూస్తున్నాం. 2025 సెప్టెంబరు 7న, భాద్రపద పౌర్ణమి రాత్రి, పది గంటల వేళ మొదలైన నీడ చంద్రుణ్ని 82 నిమిషాలపాటు పూర్తిగా కప్పి, ఒకటిన్నర లోపే తప్పుకుంది. అసలు తేడా ఇక్కడే ఉంది. గ్రహణం మూడున్నర గంటల్లో ముగించిన పనికి కళలు నెల రోజులు తీసుకుంటాయి. పైగా భూమి గుండ్రం కాబట్టి దాని నీడ అంచు ఎప్పుడూ వంపు తిరిగే ఉంటుంది. అష్టమి చంద్రుడిలో వెలుగునూ చీకటినీ విడదీసే గీత మాత్రం తిన్నగా ఉంటుంది. గుండ్రటి నీడ ఆ గీత గీయలేదు.

అంతకన్నా గట్టి సాక్ష్యం చంద్రుడు కనిపించే చోటే. హిందూపురంలో మేడ మీద నుంచి చూసినా, పెనుకొండ కొండెక్కి చూసినా పొద్దు గుంకే వేళకు భూమి నీడ తూర్పు దిక్కుకే పోతుంది, ఎందుకంటే నీడ ఎప్పుడూ వెలుగుకు అవతలి పక్కనే పడాలి. తదియ నాటి నెలవంక కనిపించేది పడమట, సూర్యుడు దిగిన చోటికి కాస్త పైన. అక్కడికి భూమి నీడ చేరే దారే లేదు. శుక్ల అష్టమి చంద్రుడు సుమారు మధ్యాహ్నం ఉదయించి, దీపాలు పెట్టే వేళకు నడినెత్తికి వస్తాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి వచ్చి, తెల్లవారి ధర్మవరంలో మగ్గాలు మొదలయ్యాక కూడా ఆకాశంలో ఉంటాడు. ఏ తిథినాడు చూసినా వెలుగున్న అంచు సూర్యుడి వైపే తిరిగి ఉంటుంది. దీన్నిబట్టి తేలేది ఒకటే. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. ఆ సగంలో మన వైపు తిరిగినది ఎంత అన్నదే రోజురోజుకూ మారుతుంది. చంద్రుడి వెలుగు సూర్యుడిదేనని 499 నాటి ఆర్యభటీయమే చెప్పింది. నెలవంక లోపలి చీకటి భాగం మసకగా కనబడుతుంది కదా, అదైనా నీడ కాదా అనవచ్చు. కాదు, అది చంద్రుడి మీది రాత్రి. భూమి మీద పడి తిరిగి వెళ్లిన సూర్యకాంతే దాన్ని ఆ మాత్రం చూపిస్తుంది.

మన పంచాంగం కట్టిందీ ఈ లెక్క మీదే. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి, 30 తిథులకు ఒక చుట్టు, అంటే సుమారు 29న్నర రోజులు. పెనుకొండలో ఉగాది చేసుకునేవారికీ, బాబయ్య దర్గా దగ్గర రంజాన్ నెలవంక కోసం చూసేవారికీ ఆధారం ఒకే చంద్రుడు. ఒకరు లెక్కతో మొదలుపెడతారు, మరొకరు కంటికి కనబడ్డాక. 2024లో ఉగాది ఏప్రిల్ 9న వస్తే మన దగ్గర రంజాన్ 11న వచ్చింది. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ 31. ఒక ఏడు రెండు రోజులు, మరో ఏడు ఒక్క రోజు ఎడం ఎందుకు? 2024లో సూర్యచంద్రుల కూడిక అర్ధరాత్రికి కాస్త ముందు జరిగింది. మరుసటి సాయంత్రానికి చంద్రుడు సూర్యుడి నుంచి తగినంత దూరం జరగలేదు, వంక సన్నగా సంధ్యకాంతిలో కలిసిపోయింది. 2025లో కూడిక సాయంత్రం నాలుగున్నరకే అయింది కనుక మర్నాటి పొద్దు గుంకేసరికి కనబడేంత వంక తేలింది. నీడే కారణమైతే ఈ గంటల లెక్క కుదరదు.

ఇక్కడ చదువరి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడి వైపే ఉంటే ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం, ప్రతి పున్నమికీ చంద్రగ్రహణం రావద్దా? చంద్రుడి దారి భూమి తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీయే, కాబట్టి ఆ వాలు అతని వెడల్పుకు పదింతలు. చాలా నెలల్లో చంద్రుడు సూర్యుడికీ, భూమి నీడకూ పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. చంద్రుడి దారీ ఆ తలమూ కలిసే చోట కూడిక జరిగిన అమావాస్యలకే సూర్యగ్రహణం. పైన చెప్పిన రెండు ఉగాదుల ముందరి అమావాస్యలూ అలాంటివే. 2024లో ఉత్తర అమెరికాకు సంపూర్ణ సూర్యగ్రహణం, 2025లో పాక్షికం. మనకు రెండూ కనబడలేదు. 1565 తర్వాత పెనుకొండ రాజధాని అయిన విజయనగర పాలకుల శాసనాల్లో మాసం, పక్షం, తిథి ఉంటాయి, కొన్ని దానాలు గ్రహణకాలంలో ఇచ్చినవి. సూర్యగ్రహణ దానమని రాసి తిథి అమావాస్య కాకపోతే, ఆ చెక్కడాన్నో చదివిన తీరునో చరిత్రకారులు అనుమానిస్తారు. ఆ అనుమానం న్యాయమే.

ఇంకా నమ్మకం కుదరనివారు వచ్చే శుక్ల అష్టమినాడు, ఎండ ఉండగానే, సాయంత్రం నాలుగింటికి ఆరుబయటికి రండి. ఒక నిమ్మకాయను పట్టుకుని చంద్రుడి వైపు చెయ్యి చాపి చూడండి. కాయ మీద ఎండ పడినంత మేరే చంద్రుడి మీదా కనబడుతుంది.