వ్యసనవిముక్తికి సహవాసబలము

త్రాగుబోతును నిందించుట సులభము. వానిప్రక్కను కూర్చుండుట కష్టము. మొదటిది లోకమంతయు చేయుచున్నది. రెండవదానిని వ్రతముగా పట్టిన క్రైస్తవ సహవాసముల చరిత్ర మన పాఠకులకు విచారయోగ్యమని మేము తలంచుచున్నాము.

1935వ సంవత్సరము మే మాసమున, అమెరికాలోని ఓహాయో రాష్ట్రమున ఆక్రన్ పట్టణమునకు, బిల్ విల్సన్ అను న్యూయార్కు వాటాల వ్యాపారి వ్యవహారార్థము వచ్చెను. ఆయన మద్యము మాని అప్పటికి అయిదారు నెలలే. వచ్చిన పని చెడెను. దిగిన హోటలులోనే మద్యశాల యుండెను. ఆయన అచ్చటికి పోక, టెలిఫోనుద్వారా ఒక మతాచార్యుని పిలిచి, తనవలెనే త్రాగుడుచే పీడితుడైన వానితో మాటలాడవలెనని వేడుకొనెను. అట్లు లభించినవాడు డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఆ యేడు జూన్ 10వ తేదీని బాబ్ కడపటిసారి త్రాగినాడందురు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఆ దినమునే తన జన్మదినముగా ఎంచుచున్నది. ఒరునికి చేయి యందిచ్చుటచే తాను మునుగకుండుట దీని మూలసూత్రము.

ఈ యిరువురును ఆక్స్‌ఫర్డు గ్రూపు అను క్రైస్తవ సమాజమున మెలగినవారు. దోషము నొప్పుకొనుట, నష్టపడినవారికి పరిహారము చేయుట, ప్రార్థన, పరసేవ అచ్చటి పద్ధతులు. 1939లో వెలువడిన సంఘగ్రంథములోని పండ్రెండు సోపానములకు ఇవియే పునాది. అయినను, ఎవరికి తోచిన దైవమును వారు నమ్ముకొనవచ్చునని తలుపు విశాలముగా తెరచిరి. 1991లో కాలిఫోర్నియాయందలి సాడిల్‌బ్యాక్ చర్చిలో జాన్ బేకర్ 'సెలబ్రేట్ రికవరీ'ని స్థాపించి, క్రీస్తు కొండమీది ప్రసంగములోని ధన్యవచనములనే యాధారముగా గైకొనెను. తలుపుపై నెవరిపేరున్నను, లోపల జరుగునది యొక్కటియే: పడి లేచినవాడు పడినవానితో సిగ్గువిడిచి మాటలాడుట.

ఇది వట్టి భక్తిమాట కాదు. 27 పరిశోధనలను, పదివేలకు పైబడిన రోగులను పరిశీలించి కాక్రేన్ సంస్థ 2020లో ప్రకటించిన సమీక్ష, మద్యమును పూర్తిగా మానియుండు విషయమున ఈ సోపానమార్గము ఇతర చికిత్సలకంటె తరచు మేలని తేల్చినది. అయినను వైద్యుని త్రోసివేయరాదు. చిరకాలము మితిమీరి త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛలు, మతిభ్రమ, ప్రాణాపాయము సైతము కలుగవచ్చును.

మనదేశమున 1992లో దూబగుంట స్త్రీలు సారా నెదిరించి లేచిరి. 1995 జనవరి 16న ఆంధ్రప్రదేశమున సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. చట్టము అంగడిని మూయగలదు. కాని మానినవాడు ఆ సాయంకాలము నెట్లు గడపవలెనో చెప్పజాలదు.

ధనవంతులు ఇందుకు వలయునది ద్రవ్యమే యనుకొందురు. 1938లో రాక్‌ఫెల్లరు అయిదువేల డాలర్లు మాత్రమిచ్చి, అధికధనము ఈ కార్యమును చెరచునని తలచెను. పిమ్మట సంఘమే బయటివారి విరాళములు గ్రహింపరాదని నియమము చేసికొనెను. కావున గ్రామపెద్దలను మేము కోరునది స్వల్పము: కూర్చుండుటకొక చావడి నిండు, అచ్చట విన్నది బయట చెప్పకుడు, మానినవానికి మరల పని నిండు, వేడుకలలో వానిచేతికి గ్లాసు నందింపకుడు. మరల జారినవాడు వచ్చి తలుపు తట్టినచో మునుపటివలెనే లోనికి రానిండు.