ధ్రువుడూ కదులుతాడు!

గండికోట మీద అమావాస్య రాత్రి కెమెరాను ఆకాశంవైపు నిలిపి, అయిదు నిమిషాలు తెరిచి ఉంచండి. ఫొటోలో చుక్కలు రావు, గీతలొస్తాయి! భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది మరి.

విరుగుడు ఒకటే. టెలిస్కోపు స్టాండు ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా నిలిపి, అదే వేగంతో ఎదురు తిప్పాలి. అంటే ఆ ఇరుసు ఉత్తర ధ్రువాన్ని చూడాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల అక్షాంశం 14-15 డిగ్రీల మధ్యే. ధ్రువనక్షత్రమూ నేల అంచుకు అంతే ఎత్తులో ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే, పిడికిలిన్నర! ఉత్తరాన కొండో మేడో ఉంటే ఇక కనిపించనట్టే. పైగా, కథల్లో కదలని ధ్రువుడు కూడా అసలు ధ్రువానికి నిండు చందమామ వెడల్పుకన్నా కాస్త ఎక్కువ దూరంలో రోజూ ఓ చిన్న సున్నా చుడుతుంటాడు. నేరుగా ఆయనకే గురిపెడితే ఫొటో చెడుతుంది.

అన్నీ కుదిరినా పళ్లచక్రాల్లో లోపాలుంటాయి. అందుకే ఆటోగైడింగ్. పక్కన ఓ చిన్న కెమెరా ఒకే చుక్కను కనిపెట్టుకుని, అది వెంట్రుకవాసి జరిగినా మోటారును సరిదిద్దుతుంది.

ఒకప్పుడు ఈ కాపలా మనిషిదే. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, అంతర్జాతీయ ఆకాశపటం కోసం 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో ఫొటోలు తీసింది. గాజుపలక మీద వెలుగు పడినంతసేపూ ఒకరు దుర్భిణికి కన్నానించి, అడ్డగీతల మధ్యనుంచి చుక్క జారకుండా చేత్తో తిప్పుతూనే ఉండాలి.