పినియన్ సీల్ మార్పు: నట్టు బిగింపులోని కిటుకు

భారత్ డైనమిక్స్ సంస్థ ట్యాంకు విధ్వంసక క్షిపణులను తయారుచేసే భానూర్‌తో పాటు పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల కర్మాగారాలకు నిత్యం సరుకు చేరవేసే పికప్ వ్యాన్లలోను, చిన్న ట్రక్కులలోను అధిక భాగం వెనుక చక్రాల బలంతో నడిచేవే. ఇంజిన్ శక్తి గేర్‌బాక్సు నుంచి వాహనం అడుగున ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవైన గొట్టం ద్వారా వెనుక ఇరుసుకు చేరుతుంది. అక్కడ పినియన్ అనే చిన్న గేరు, క్రౌన్ అనే పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పడంతో ఆ శక్తి అడ్డంగా మళ్ళి రెండు చక్రాలకు అందుతుంది. పినియన్ కాడ, ఈ గేర్లుండే హౌసింగ్ అనే లోహపు పెట్టె నుంచి బయటికి వచ్చేచోట లోపలి నూనె కారిపోకుండా, బయటి దుమ్ము లోపలికి పోకుండా కాపు కాసేదే పినియన్ సీల్.

లోపలి నూనె మామూలు నూనె కాదు. 1920ల చివర ప్యాకార్డ్ కార్లతో ప్రచారంలోకి వచ్చిన హైపాయిడ్ అమరికలో పినియన్ అక్షం క్రౌన్ కేంద్రానికి కిందుగా ఉంటుంది కాబట్టి, పళ్ళు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక తీవ్రమైన ఒత్తిడిలో జారుతాయి. ఆ జారుడులో లోహం లోహాన్ని కొరకకుండా గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపిన జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్ పోస్తారు. హౌసింగ్ విప్పగానే గుప్పుమనే ఘాటైన వాసన ఆ గంధకానిదే.

సీల్ నిర్మాణం చూడడానికి అతి సాదా: ఉక్కు రింగుకు అతికించిన నైట్రైల్ రబ్బరు పెదవి, దాని వెనుక పెదవిని లోపలికి నొక్కిపట్టే సన్నని స్ప్రింగు. అయితే తిరుగుతున్న లోహానికి ఆ పెదవి పూర్తిగా అంటుకుని ఉండదు. రెండింటి మధ్య సుమారు ఒక మైక్రాన్ మందంతో నూనె పొర నిలుస్తుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంత పలుచని పొర లేకపోతే రబ్బరు మాడిపోతుంది, పొర మందమైతే నూనె కారుతుంది. పెదవికి నూనె వైపు వాలు నిటారుగా, గాలి వైపు వాలు ఏటవాలుగా ఉండటం వల్ల, తిరుగుడులో బయటికి జారబోయిన నూనెను సీల్ మళ్ళీ లోపలికే తోస్తుంది. అంటే అది ఉత్త మూత కాదు, అతి చిన్న పంపు. తిరగేసి బిగిస్తే నూనెను బయటికి తోడిపోస్తుంది.

ఈ పెదవి పడే శ్రమ లెక్కకు అందేదే. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు, గేర్ల నిష్పత్తి 4.1, పెదవి తాకే భాగం వ్యాసం 45 మిల్లీమీటర్లు అనుకుంటే, వాహనం కిలోమీటరు నడిచేసరికి పెదవి కింద సుమారు 275 మీటర్ల ఉక్కు జారిపోతుంది. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ వరకు సుమారు 70 కిలోమీటర్ల ప్రయాణానికి ఈ లెక్కన అది 19 కిలోమీటర్ల పైమాటే. పెదవి దగ్గర చేరిన దుమ్ము ఆకురాయిలా పనిచేసి రబ్బరునే కాక ఉక్కును సైతం అరగదీసి, గోటికి తగిలేంత గాడి చేస్తుంది.

సీల్ మార్చే ముందు హౌసింగ్ పైనుండే బ్రీదర్‌ను, అంటే లోపలి గాలి ఊపిరి తీసుకునే చిన్న రంధ్రాన్ని, చూడటం తప్పనిసరి. అది మట్టితో మూసుకుపోయిన స్థితిలో హౌసింగ్ 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 90 డిగ్రీలకు వేడెక్కితే, లోపలి గాలి ఒత్తిడి వాయు నియమం ప్రకారం దాదాపు 20 శాతం పెరిగి, నూనెను పెదవి మీదుగా నెడుతుంది. బ్రీదర్ జోలికి పోకుండా సీల్ మీద సీల్ మార్చడం వృథా ప్రయాస.

అసలు చిక్కు నట్టు దగ్గర ఉంది. సీల్ తీయాలంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి, పినియన్ కాడపై ఫ్లాంజ్‌ను, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను బిగించే భాగాన్ని, పట్టి ఉంచే పెద్ద నట్టును తీయక తప్పదు. ఆ నట్టు ఫ్లాంజ్‌ను పట్టి ఉంచడమే కాక పినియన్ రెండు బేరింగులపై ముందస్తు ఒత్తిడిని కూడా నిర్ణయిస్తుంది. ఆ ఒత్తిడి తగ్గితే భారం పడినప్పుడు పినియన్ కదిలి పళ్ళు ఊళ పెడతాయి. పెరిగితే బేరింగులు కాలిపోతాయి. చాలా ఇరుసుల్లో రెండు బేరింగుల మధ్య పలుచని ఉక్కు గొట్టం ఉంటుంది. కర్మాగారంలో నట్టు బిగించినప్పుడు నలిగి, కావలసిన ఒత్తిడి దగ్గర నిలిచే ఆ గొట్టం ఒకసారి నలిగాక తిరిగి సాగదు.

అందుకే నేర్పరి అయిన మెకానిక్ చక్రాలను, బ్రేకు డ్రమ్ములను తీసి, నట్టు విప్పకముందే పినియన్‌ను తిప్పడానికి ఎంత బలం పడుతున్నదో చిన్న టార్క్ రెంచితో కొలిచి రాసుకుంటాడు. నట్టుకు, కాడకు, ఫ్లాంజ్‌కు కలిపి గుర్తు పెడతాడు. అనేక వాహనాల్లో కొత్త బేరింగులకు ఈ కొలత 2 నుంచి 3 న్యూటన్ మీటర్లు, వాడిన బేరింగులకు అందులో సగం. కొత్త సీల్‌ను వంకర పోకుండా దించి, పెదవికి నూనె రాసి, నట్టును కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ పినియన్‌ను తిప్పి కొలుస్తూ, పాత కొలతకు లేదా దానికి రవ్వంత ఎక్కువకు చేరగానే ఆపాలి. రోడ్డు పక్క షెడ్లలో గాలి గన్నుతో ఒక్క ఊపున బిగించే అలవాటు సమర్థనీయం కాదు. కొలత దాటిన నట్టును వెనక్కి వదులు చేసినంత మాత్రాన నలిగిన గొట్టం కోలుకోదు, పినియన్‌ను బయటికి తీసి కొత్త గొట్టం వేయాల్సిందే. గొట్టానికి బదులు గట్టి స్పేసరు, షిమ్ములు ఉన్న ఇరుసుల్లో మాత్రం ఈ బెడద లేదు, నట్టును నిర్దేశించిన టార్క్‌కు నేరుగా బిగించవచ్చు.

పెదవి తాకే చోట ఫ్లాంజ్‌పై గాడి పడి ఉంటే పలుచని ఉక్కు తొడుగు వేయడమో, ఫ్లాంజ్‌నే మార్చడమో చేయాలి. ఇంత చేసినా తడి కనిపిస్తే అది పెదవి దగ్గర మొదలైందా, నట్టు మధ్యలోనా అని చూడాలి. నట్టు మధ్య నుంచి వచ్చే నూనె ఫ్లాంజ్ లోపలి గాళ్ళ వెంట పాకి వచ్చినది. సీలంట్ రాసి ఫ్లాంజ్‌ను మళ్ళీ ఎక్కిస్తే అది ఆగుతుంది, సీల్‌ను ముట్టుకోనక్కరలేదు.