మరచిపోయిన తల్లిని మరువవద్దు



గూడూరు చుట్టుపక్కల పల్లెలలో గృహదర్శనములకు వెళ్లినప్పుడు ఒక మాట తరచుగా వింటున్నాము. "అయ్యగారూ, మా అవ్వకు దయ్యము పట్టినట్లుంది, ప్రార్థన చేయండి." అన్నము తిని తినలేదంటుంది. కన్న కొడుకునే "ఎవరి బిడ్డవు నాయనా?" అని అడుగుతుంది. సాయంకాలమైతే సొంత ఇంటిలో కూర్చుని "ఇంటికి పోతాను" అంటుంది.

ప్రార్థన తప్పక చేస్తాము. అయితే ఇవి అల్జీమర్స్ అనే మెదడు వ్యాధి గుర్తులు కావచ్చు. 1906లో జర్మనీ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ దీనిని మొదట వివరించాడు.

మెదడులో జరిగేదేమిటి?

గూడూరు జంక్షను చూచినవారికి ఇది సులభముగా తెలుస్తుంది. రైళ్లు నడిచేకొద్దీ పట్టాలు అరుగుతాయి, బోల్టులు వదులవుతాయి. గ్యాంగ్‌మన్ నడిచి చూచి బిగిస్తాడు. మన కణములలో డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు ఉంది. కణము చేయవలసిన పని అంతా దానిలోనే వ్రాయబడింది. అది ప్రతిదినము దెబ్బ తింటుంది, కొన్ని ప్రోటీన్లు గ్యాంగ్‌మన్లవలె బాగుచేస్తాయి. చర్మపు కణములు పోతే క్రొత్తవి వస్తాయి. మెదడు కణములు మాత్రము చాలావరకు జీవితమంతా అవే ఉండాలి. కనుక అక్కడ మరమ్మతు తగ్గితే నష్టము పేరుకుంటుంది.

హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆచార్య కల్లూరి సుబ్బారావు గారి బృందము ముసలి ఎలుకల మెదడు కణములలో ఈ మరమ్మతు తగ్గినట్లు చూపింది. రెండు ప్రోటీన్లను ఆ కణముల సారమునకు కలిపితే మరమ్మతు తిరిగి సాగిందని 2005లో ప్రకటించింది. అబ్రాహాము బావి త్రవ్విన బెయేర్షెబాలో నేడు బెన్ గురియన్ విశ్వవిద్యాలయమున్నది. అక్కడి డెబ్రా టోయిబర్ గారి బృందము, వార్ధక్యమును నిదానింపజేస్తుందని పేరొందిన సర్ట్-6 అనే ప్రోటీన్ అల్జీమర్స్ రోగుల మెదడులో బాగా తగ్గినదని 2017లో తెలిపింది.

మనము చేయవలసినది

ఈ వ్యాధిని పూర్తిగా నయము చేసే మందు ఇంకను లేదు. యౌవనము తిరిగి తెస్తామని అమ్మే మాత్రలకు నిమ్మతోట తాకట్టు పెట్టకండి. మొదట ఆసుపత్రిలో చూపించండి. థైరాయిడ్, బి-12 లోపముల వలన వచ్చే మతిమరుపు మందులతో తగ్గవచ్చు. ఉపవాసమని అవ్వకు అన్నము మానిపించకండి, కట్టివేయకండి. పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసి చీరకొంగుకు కుట్టండి. ఒకే ప్రశ్న పదిసార్లు అడిగినా నెమ్మదిగా జవాబు చెప్పండి. ఆ ఇంటి కోడలు ఒక్కతే ఈ భారము మోస్తున్నది. స్త్రీల సమాజమువారు వారమునకు ఒక పూటయినా వెళ్లి అవ్వ దగ్గర కూర్చుంటే ఆమెకు కొంత విశ్రాంతి.

తలిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞలో, వారు మనలను గుర్తుపట్టినంత కాలమే అనే షరతు లేదు. అవ్వ ప్రార్థన మరచిపోవచ్చు, ప్రభువు నామమే మరచిపోవచ్చు. ప్రభువు ఆమె పేరు మరువడు. ఆయన సంఘమైన మనము మరువవచ్చునా?